పుట్టపర్తి దారిలో ఒక కాలిఫోర్నియా క్యాసెట్టు

పెనుకొండ దాటాక రైలు కిటికీలో రెండే రంగులు మిగిలాయి. కింద ఎర్ర నేల, పైన బూడిద మబ్బు. ఆషాఢం గాలి ఆ మబ్బుల్ని తోసుకుంటూ పోతోందే గానీ ఒక్కదాన్నీ నిలవనివ్వడం లేదు. ఈ సీమకు రెండు వైపులా అన్యాయమే. నైరుతి రుతుపవనాన్ని పడమటి కనుమలు అడ్డగిస్తాయి. ఈశాన్య రుతుపవనం తూర్పు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి వట్టిపోతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు పడితే పడినట్టు, అదీ అదునుకు పడదు. ఎదుటి సీటు పెద్దాయన చేలు చూస్తూ పక్కనున్న అల్లుణ్ణి అడిగాడు: "చెనిక్కాయ ఏసినారా లేదా మీ పక్క?"

"పదును యాడుంది మామా, ఇత్తనాలు మూటల్లోనే ఉండాయి."

ఆ మాటలు వినడానికి ఇయర్‌ఫోను ఒకటి తీశాను. రెండో చెవిలో 1982 నాటి ఒక క్యాసెట్టు సాగుతూనే ఉంది. ఒక నల్లజాతి అమెరికన్ స్త్రీ గొంతు, లోతుగా, ఏ తొందరా లేకుండా సంస్కృత నామాలు పాడుతోంది. కింద ఆర్గను చర్చిలో మోగినట్టు మోగుతోంది. దాని మీద సింథసైజరు, తంత్రీవాద్యాలు పొగమంచులా పరుచుకుంటున్నాయి. రికార్డు పేరు 'తురీయ సింగ్స్'. పాడింది ఆలిస్ కోల్ట్రేన్. కాలిఫోర్నియాలో తాను నడిపిన ఆశ్రమానికి 1994లో 'సాయి అనంతం' అని పేరు పెట్టుకున్న మనిషి. ఆ పేరులోని సాయి, అంటే సత్యసాయి బాబా, ఈ రైలు ఆగబోయే పుట్టపర్తివాడు.

ఎలక్ట్రానిక్ సంగీతంలో ప్రయోగాలు అనగానే మనకు గుర్తొచ్చేవి జర్మనీ రేడియో స్టూడియోలు, పారిస్ ప్రయోగశాలలు. ఇంకొంచెం తెలిసినవాళ్ళు అహ్మదాబాద్ ఎన్‌ఐడీలో 1969లో డేవిడ్ ట్యూడర్ సాయంతో మొదలైన మూగ్ సింథసైజరు స్టూడియో గురించి చెబుతారు. అనంతపురం కరువు సీమ వైపు ఎవరూ చూడరు. చూడమని నేనూ గట్టిగా వాదించను. ఆలిస్ రికార్డులు తయారైంది ఇక్కడ కాదు. కానీ అందులో ఈ ఊరిది ఏదో ఉందని చాలాకాలంగా అనిపిస్తుండేది. అది ఏమిటో హైదరాబాద్ ఫ్లాట్‌లో కూర్చుని ఎంత విన్నా పట్టుబడలేదు. బాణీయా? భాషా? పేరొక్కటేనా?

ఆలిస్ 1937లో డెట్రాయిట్‌లో పుట్టింది. చిన్నప్పుడే బాప్టిస్టు చర్చిలో ఆర్గను, పియానో వాయించింది. జాజ్ మహా విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్‌ను పెళ్ళాడింది. 1967లో ఆయన పోయేనాటికి ఆమెకు ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు, ఇంటినిండా చిన్నపిల్లలు. దుఃఖంలోంచి స్వామి సచ్చిదానంద దగ్గరికి చేరింది. 1970 చివర్లో ఆయన వెంట భారతదేశం వచ్చింది. 1975లో వేదాంతిక్ సెంటర్ పెట్టింది, ఆ తర్వాత కాషాయం కట్టింది. అప్పటికి పెద్ద కంపెనీలకు రికార్డులు ఇస్తున్న కళాకారిణి ఆమె. 1978 తర్వాత ఆ దుకాణం కట్టేసింది. 1983లో మాలిబూ దగ్గరి కొండల్లో 48 ఎకరాల్లో ఆశ్రమం వెలిసింది. ఆదివారం ఆదివారం అక్కడ భజన. సెంటర్‌లోనూ ఆశ్రమంలోనూ సాగిన భజనల కోసం, ఆ భజనల నుంచి పుట్టినవే 'తురీయ సింగ్స్', 1987 నాటి 'డివైన్ సాంగ్స్', 1990 నాటి 'ఇన్ఫినిట్ చాంట్స్', 1995 నాటి 'గ్లోరియస్ చాంట్స్'. సొంత ప్రచురణ సంస్థ అవతార్ బుక్ ఇన్‌స్టిట్యూట్ పేరు మీద క్యాసెట్లుగా వేసి, వచ్చిన భక్తులకు ఇచ్చేవారు. బజారుకు పంపాలన్న ధ్యాస లేదు. విమర్శకులు ఏమంటారోనన్న బెంగ అంతకన్నా లేదు.

రైలు దిగాక ఆటో. ఈ ఊళ్ళో 'సాయిరాం' అనే ఒక్క మాటతో బతికేయవచ్చు. నమస్కారం అదే, పక్కకు జరగమన్నా అదే, ఛార్జీ ఎక్కువ చెబుతున్నావన్నా అదే. ఆటో అతను కొత్తచెరువు వైపు చెయ్యి చూపిస్తూ, "ముందు మాదంతా అనంతపురం జిల్లానే కదా సార్, ఇప్పుడు మాదే జిల్లా అయిపోయింది" అన్నాడు. 2022 ఏప్రిల్ నుంచి పుట్టపర్తి శ్రీసత్యసాయి జిల్లాకు కేంద్రం. చిత్రావతిలో ఇసుకే ఎక్కువ కనిపించింది. ఈ సీమలో సత్యసాయిని దేవుడిగా కొలవనివాళ్ళు కూడా ఒక్క సంగతి కాదనరు: 1990ల మధ్యలో ఆయన ట్రస్టు వేయించిన పైపులు ఏడువందలకు పైగా ఊళ్ళకు తాగునీళ్ళు ఇచ్చాయి. బోరు ఎండిన ఊళ్ళో కుళాయి తిప్పితే నీళ్ళు రావడం కన్నా పెద్ద మహిమ ఏముంటుంది? మిగతా మహిమల మీద జనం వాదించుకోనీ.

సాయంత్రం సాయి కుల్వంత్ హాల్లో కూర్చున్నాను. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క. ఎదురుగా తెల్ల పాలరాతి సమాధి. మొదట వేదం, తర్వాత వినాయకుడితో మొదలుపెట్టి భజన. పద్ధతి అందరికీ తెలిసిందే. ఒకరు ఒక వరస అందుకుంటారు, హాలంతా తిరిగి అంటుంది. ఒకసారి నిదానంగా, తర్వాత అదే పాట వేగం పెంచి. హార్మోనియం, తబలా, తాళాలు. బాణీలు చాలావరకు ఉత్తరాది పోకడలే. ఈ జిల్లా పల్లెల్లో వినే బాణీ అందులో దాదాపు వినపడదు.

కళ్ళు మూసుకుని వింటే ఒక్క విషయం తెలిసింది. మైకులో గాయకుడి గొంతు అందరికీ ఒకేసారి చేరుతుంది, కానీ జనం అందించే జవాబు ఒకేసారి రాదు. పక్కవాడి గొంతు ముందు, నాలుగు స్తంభాల అవతలివాళ్ళది కాస్త ఆగి, వెనక గోడ దగ్గరివాళ్ళది ఇంకాస్త ఆగి. శబ్దం 34 మీటర్లు నడవడానికి సెకనులో పదో వంతు పడుతుంది. అంత తేడాకే నామం అంచులు చెదిరి, ఒక నామం మీద ఇంకో నామం పొరలుగా పడుతుంది. స్టూడియోల్లో డిలే, రివర్బ్ అంటూ యంత్రాలు పెట్టి పుట్టించేది ఇదే. ఇక్కడ దాన్ని జనం పుట్టిస్తున్నారు, ఎవరి ప్రయత్నమూ లేకుండా. ఆలిస్ రికార్డుల్లో ఆశ్రమవాసుల బృందగానం విన్నప్పుడల్లా ఎక్కడో విన్నట్టుండే ఆ మసక ఇదేననిపించింది. అంటే నేను వెతికిన చోటు తప్పు. బాణీలో కాదు, కూర్చునే తీరులో ఉంది. ఒకరు అందుకుంటే వందమంది అందించడం అనే ఆ ఏర్పాటే ఈ ఊరి నుంచి ఆ కొండలకు వెళ్ళింది. అక్కడికి వెళ్ళాక దాని మీద ఏం కట్టుకున్నారన్నది పూర్తిగా వాళ్ళ సొంతం.

ఏం కట్టుకున్నారో చెప్పాలి. 'తురీయ సింగ్స్'లో ఆమె మొట్టమొదటిసారి రికార్డు మీద పాడింది. అంతకుముందు పదిహేనేళ్ళ సంగీతంలో పియానో, హార్పు, ఆర్గనే తప్ప ఆమె గొంతు లేదు. ముందు గొంతు, వర్లిట్జర్ ఆర్గను. వాటి మీద తర్వాత సింథసైజరు, తంత్రీవాద్యాలు ఎక్కించారు. ఆర్గనులో పట్టేవి డెట్రాయిట్ చర్చి స్వరమేళాలు. నల్లవాళ్ళ విలాప గీతాల్లో వినపడే ఆ బరువైన మెట్లు. పైన 'యమునా తీర విహారి'. ఈ రెండూ కలవవని మనకు అనిపించే లోపలే కలిసిపోయి ఉంటాయి. తర్వాతి రికార్డులకు వచ్చేసరికి ఒబర్‌హైమ్ ఓబీ-8 అనే సింథసైజరు దిగింది. 1983లో బజారుకు వచ్చిన వాద్యం. ఎనిమిది స్వరాలు ఒకేసారి పలుకుతుంది. దాని కడుపులో స్వరాన్ని పుట్టించే మూలం విద్యుత్తు కంపనం. వోల్టేజీ పెరిగితే శ్రుతి పైకి, తగ్గితే కిందికి. మెట్ల పలకకు ఎడమ వైపున రెండు చిన్న మీటలుంటాయి. కుడిచేత్తో మెట్టు నొక్కిపట్టి, ఎడమచేత్తో మీటను ముందుకో వెనక్కో వంచితే స్వరం మెట్టు దిగకుండానే జారిపోతుంది. మన వీణ విద్వాంసులు జారు అనే పని అది. హార్మోనియంకు చేతకానిదీ అదే. పుట్టపర్తి హాల్లో హార్మోనియం మెట్టు మెట్టుగా నడుస్తుంటే, కాలిఫోర్నియాలో ఈమె యంత్రంతో మెట్లన్నీ కరిగించేసింది. కొన్ని చోట్ల ఆ జారుడు పాట అడుగు నుంచి లేచి, విమానం ఎక్కుతున్నట్టు పైపైకి పోయి, బృందం గొంతులన్నిటినీ ముంచెత్తుతుంది. భక్తి పాటల్లో ఇంత మొండిగా, ఇంత బిగ్గరగా సింథసైజరు వాడిన మనిషి అప్పటికి నాకు తెలిసి ఇంకొకరు లేరు.

యంత్రం అంటే మనకు ఉలికిపాటు అక్కర్లేదనుకోండి. ఇప్పుడు ఏ ఊరి రామాలయంలో చూసినా మూలన చిన్న డబ్బా గుయ్‌మంటూ శ్రుతి పడుతుంటుంది. బెంగళూరు రేడెల్ వాళ్ళ ఎలక్ట్రానిక్ తంబూరా వచ్చాక కచేరీ వేదిక మీద అసలు తంబూరా అలంకారానికే మిగిలింది. మనం ఎలక్ట్రానిక్ సంగీతం వింటూ పెరిగినవాళ్ళమే, ఒప్పుకోం అంతే. పుట్టపర్తి కూడా విదేశీ వాద్యాలకు తలుపు వేసిన ఊరు కాదు. కెనడా ట్రంపెట్ విద్వాంసుడు మేనార్డ్ ఫెర్గూసన్ సత్యసాయి విద్యాసంస్థలకు వచ్చి, విద్యార్థుల బ్రాస్ బ్యాండుకు పాఠాలు చెప్పి వెళ్ళేవాడు. అదే ఫెర్గూసన్ మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ బడిలో కూడా పాఠం చెప్పాడు. జాజ్ వాళ్ళకు రాయలసీమ మీద ఏం మమకారమో!

మర్నాడు పొద్దున బుక్కపట్నం చెరువు కట్ట మీదుగా ఒక పల్లెకు వెళ్ళాను. పాత మిత్రుడి బావమరిది చెక్కభజన నేర్పే గురువు. సత్యసాయి జీవిత చరిత్రలు చదివినవాళ్ళకు గుర్తుంటుంది: ఆయన చిన్నప్పుడు ఊరి పిల్లల్ని పోగేసి పండరి భజన కట్టాడు. కాళ్ళకు గజ్జెలు, నోట పాండురంగడి పాటలు, వీధుల్లో అడుగులు. ఇప్పటి హాలు చూస్తే ఆ మూలం ఊహకు కూడా అందదు. అక్కడ అందరూ కదలకుండా కూర్చుంటారు, చప్పట్లు కూడా మెత్తగానే. కాళ్ళు ఎటు పోయాయి?

కాళ్ళు పల్లెలో ఉన్నాయి. సాయంత్రం చీకటి పడ్డాక రామాలయం ముందర పద్నాలుగు పదిహేను మంది గుండ్రంగా నిలబడ్డారు. మగ్గం పని చేసేవాళ్ళు కొందరు, కియా ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి పోయే కుర్రాళ్ళు ఇద్దరు, మిగతావాళ్ళు వాన కోసం చూస్తున్న రైతులు. చేతికి రెండు చెక్కలు, మధ్యలో ఇత్తడి బిళ్ళలు. గురువు మధ్యలో నిలబడి వరస అందుకుంటే చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి అంటారు. నిన్నటి హాల్లో ఉన్న ఏర్పాటే. కానీ ఇక్కడ జవాబు గొంతుతో ఆగదు. కుడికాలు ముందుకు, ఎగిరి తిరిగి, వంగి నేల దగ్గర ఒక చెక్క దెబ్బ, లేచి పక్కవాడి చెక్కతో ఇంకోటి. వేగం పెరిగేకొద్దీ పాట మాటలు నలిగి తాళం ఒక్కటే మిగిలింది. దుమ్ము మోకాళ్ళ దాకా లేచింది.

ఆగి ఊపిరి పీల్చుకుంటుండగా, మిత్రుడి స్పీకరు పెట్టెలో ఆలిస్ బృందం పాడిన 'ఓం రామ' వేశాను. చప్పట్లు, గిలకలు, గుంపు గొంతులు, మీద సింథసైజరు. మొదట కుర్రాళ్ళు నవ్వారు. సగానికి వచ్చేసరికి ఒకడి మడమ దానంతటదే కొట్టుకుంటోంది. గురువు తల పంకించి, "కూర్చొని పాడేవాళ్ళు కాదు సార్ వీళ్ళు. లేసినారు. అడుగుంది దాంట్లో. చెక్కలే లేవు" అన్నాడు.

ఆ మాట నాకు చాలా రోజులు పని పెట్టింది. ఆ అడుగు ఆలిస్‌కు పండరి భజన నుంచి వచ్చింది కాదు. డెట్రాయిట్ చర్చిలో పూనకం వచ్చినట్టు లేచి చప్పట్లు కొట్టే జనం నుంచి వచ్చింది. పుట్టపర్తి పాలరాతి మీద కూర్చోబెట్టిన భజనను ఆమె మనుషులు మళ్ళీ లేపి నిలబెట్టారు, వాళ్ళ కాళ్ళతోనే. 'మన సంస్కృతి ప్రపంచాన్ని గెలిచింది' అని ఛాతీ విరుచుకునేవాళ్ళకు ఇందులో దొరికేది తక్కువ. ఇక్కడి నుంచి అటు వెళ్ళిన సరుకు చిన్నది: కొన్ని నామాలు, ఒక గురువు, అందుకోవడం-అందించడం. అక్కడ అప్పటికే ఉన్నది పెద్దది. ఆ రికార్డుల గొప్పతనం ఆ పెద్దదాన్ని దాచకపోవడంలో ఉంది. మనవాళ్ళ లాగా పాడాలని ఆమె ప్రయత్నించనే లేదు. సంస్కృతం పలకడంలో అమెరికన్ యాస అట్లాగే ఉంచేసింది. అందుకే ఆ పాటలు నకలు కాలేదు.

డేవిడ్ బర్న్ స్థాపించిన లువాకా బాప్ సంస్థ 2017లో ఈ క్యాసెట్లలోంచి కొన్ని పాటలు ఏరి రికార్డుగా వేసింది. ఆనాటి ఇంజనీరు బేకర్ బిగ్స్‌బీ చేతే మాస్టరు టేపులు బాగుచేయించింది. దాంతో ఆశ్రమం గోడలు దాటని సంగీతం లోకమంతా వినపడింది. మరుసటి ఏడు నవంబరులో ఊల్సీ కార్చిచ్చు ఆ ఆశ్రమాన్ని కాల్చేసింది. 2021లో ఆమె కొడుకు, శాక్సఫోన్ విద్వాంసుడు రవి కోల్ట్రేన్, 'కీర్తన్: తురీయ సింగ్స్' అని ఇంకో రూపం తెచ్చాడు. సింథసైజరూ తంత్రీవాద్యాలూ లేకుండా గొంతు, ఆర్గను మాత్రమే ఉన్న పాత టేపు అది. చాలామందికి అదే నచ్చింది. శుద్ధంగా ఉందన్నారు. నాకు ఆ శుద్ధి మీద మోజు లేదు. పొగమంచు తీసేస్తే కొండ స్పష్టంగా కనిపిస్తుంది నిజమే, కానీ ఆమె చూపించాలనుకున్నది కొండనేనా అని నా సందేహం.

తిరుగు ప్రయాణం ధర్మవరం మీదుగా పెట్టుకున్నాను. ఉరుముల వాళ్ళను వినకుండా ఈ జిల్లా దాటకూడదని మిత్రుడి ఆజ్ఞ. అక్కమ్మ దేవతల కొలుపుల్లో, జాతరల్లో వాయించే కళ ఇది. తండ్రి నుంచి కొడుక్కు వస్తుంది. రామగిరి కొండల వైపున్న ఒక ఊళ్ళో, దూరంగా గాలిమరలు తిరుగుతుండగా, వేపచెట్టు కింద ఒక పెద్దాయన ఉరుము భుజానికి తగిలించుకున్నాడు. రెండు ముఖాల వాద్యం. ఒక ముఖాన్ని పుల్లతో కొడతారు. రెండోదాన్ని కొట్టరు. వంకర పుల్ల కొనను తోలు మీద ఆనించి రుద్దుతారు. తోలు పుల్లను పట్టుకుని వదులుతుంది, మళ్ళీ పట్టుకుని వదులుతుంది, క్షణానికి ఎన్నో సార్లు. వయొలిన్ కమాను తీగ మీద చేసేదీ ఇదే. అదుము పెంచితే శ్రుతి పైకి లేస్తుంది, సడలిస్తే మూలుగుతూ కిందికి దిగుతుంది. మెట్లు లేవు, ఒక్క జారుడే. అది మొదలవగానే నా వెన్నులో ఏదో పాకింది. మీట వంచిన ఒబర్‌హైమ్ నాకు అంత దగ్గరగా ఇంకెక్కడా వినపడలేదు. వీళ్ళకు ఆమె తెలియదు, ఆమె రికార్డుల్లో ఈ వాద్యం లేదు. అయినా మనిషి చెవి కోరుకునేది రెండు చోట్లా ఒకటే కాబోలు.

ఆయన ఆగాక సెల్లులో ఆ జారుడున్న పాట వేసి చెవి దగ్గర పెట్టాను. రెండుసార్లు విన్నాడు.

"యాడ రుద్దుతాంది ఆయమ్మ?"

"రుద్దేది లేదు పెద్దాయనా. ఎడమ చేతి కాడ మీట ఉంటుంది. దాన్ని వంచితే కరెంటు పెరుగుతుంది, స్వరం జారుతుంది."

"తోలు లేదా?"

"లేదు."

"అదీ బాగానే ఉంది. పిలిస్తే వస్తాదా జాతరకు?"

"ఆమె 2007లోనే పోయింది."

"కొడుకులుండారా?"

ఉన్నాడని, వాయిస్తాడని, తల్లి పాటలు మళ్ళీ తెచ్చాడని చెప్పాను. ఆ కొత్త రూపం కూడా వినిపించాను. గొంతు, ఆర్గను. పెద్దాయన జారుడు వస్తుందేమోనని చాలాసేపు కాచుకున్నాడు. రాలేదు. సెల్లు నా చేతికిచ్చి, పక్కన కూర్చున్న తన కొడుకు వైపు ఒకసారి చూసి అన్నాడు: "ఆయప్ప రుద్దేది తీసేసినాడే! ఎందుకు తీసినాడంట?"

రవి కోల్ట్రేన్ వాదం నాకు తెలిసినంత చెప్పాను. ఒప్పుకోలేదు.

"మొదుటిదే పెట్టప్పా," అన్నాడు.